మూడో యాత్రలో పోయిన లంగరు

భోజనాలయ్యాక తాత, మనవరాలు వరండాలో చేరారు. ఆమె రేవు మ్యూజియంలో పనిచేస్తుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, తాత యుద్ధంలో పనిచేసిన ఓడ చరిత్ర రాస్తోంది. వంటింట్లో ఆమె తల్లి గిన్నెలు తోముతోంది.

"మళ్ళీ అదే మాట! ఓడ అన్నాక ఒడ్డెక్కకుండా చూసుకోవాలి తాతయ్యా. నీ ఓడకి ఒడ్డెక్కడమే పనా?"

"అదే దాని ఉద్యోగం. మిగతా ఓడలు ఇసకని చూస్తే ఆమడ దూరం పారిపోతాయి. మాది నేరుగా వెళ్ళి ఇసకలో ముక్కు పెట్టి, ముందు తలుపులు తెరిచి, కడుపులో ఉన్న లారీలన్నీ కక్కేసేది."

"కక్కేసేది అని రాయమంటావా? రేపు కమిటీ వాళ్ళు చదువుతారు."

"మనుషులూ కక్కారు. దాని అడుగు పళ్ళెంలా చదునుగా ఉంటుందిగా, చిన్న అలకే ఉయ్యాల. మా వంటాయనైతే గరిటె చేత్తో పట్టుకునే..."

"తాతయ్యా! ఇప్పుడే తిన్నాను."

"చరిత్ర కావాలన్నది నువ్వేగా?"

"చరిత్ర అంటే ఘనకార్యం. ఓడని ఉంచాలో, పాత ఇనుముకి అమ్మెయ్యాలో రేపు తేలుస్తారు. పక్కన కట్టేసిన ఓడ శత్రువు ఓడని ముంచింది, దానికి రంగులేశారు. నీ దాని గురించి ఏం రాయను? లారీలు, బియ్యం బస్తాలు, కంచర గాడిదలు."

"గాడిదల్ని తక్కువ చెయ్యకు. ఓడ మొత్తానికి అవే బుద్ధిగా ఉండేవి."

"నవ్వించకు. నిజంగానే అమ్మేస్తారు. నీకేం బాధ లేదా?"

"ఇనుమేగా. అమ్ముకోనీ."

"మరి రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని రేవు దాకా ఎందుకెళ్తావు?"

"డాక్టరు నడవమన్నాడు."

"పార్కులో నడవమన్నాడు."

"పార్కులో కుక్కలున్నాయి."

"రేవులోనూ ఉన్నాయి!"

"అవి తెలిసిన కుక్కలు."

"అబ్బ! సరే, మొదటి యాత్ర రాశాను, రెండోదీ రాశాను. మూడోది చెప్పు."

"మూడోదీ అంతే. వెళ్ళాం, వచ్చాం. అమ్మాయ్, లంగరమ్మా! కాస్త టీ పెడతావా?"

"ఇప్పుడేగా నాన్నా అన్నం తిన్నావు! చేతులు తడిగా ఉన్నాయి, ఆగు."

"మాట తప్పించకు తాతయ్యా. నౌకాదళం వాళ్ళు మూడో యాత్ర గురించి ఒకే ఒక్క ముక్క రాశారు. 'వించి నడుపు మనిషి అజాగ్రత్త వల్ల వెనక లంగరు పోయినది.' ఎవరా మనిషి?"

"నేనే."

"అందరి తాతలూ యుద్ధం నుంచి పతకాలు తెచ్చుకుంటే, నువ్వు లంగరు పారేసుకొచ్చావా? గొడుగు పారేసుకున్నట్టు?"

"గొడుగు కూడా పోయింది. అది వేరే యాత్ర."

"అసలు లంగరు వెనక్కెందుకు?"

"ఒడ్డుకి వెళ్ళేటప్పుడే, ఇంకా దూరంగా ఉండగానే దాన్ని నీళ్ళలో వదిలేస్తాం. దాని ఇనుపతాడు వదులుకుంటూ పోయి ఒడ్డెక్కుతాం. పనయ్యాక వించితో, అంటే తాడు చుట్టే యంత్రంతో, దాన్ని చుట్టుకుంటే, లంగరు పట్టుకి ఓడ వెనక్కి జారి నీళ్ళలో పడుతుంది. అది లేకపోతే ఒడ్డెక్కిన ఓడ ఒడ్డునే."

"అంటే ఇంటికి చేర్చేది అదేనన్నమాట. అలాంటిదాన్ని పారేసుకున్నావు!"

"కుర్రతనం. ధ్యాస ఎక్కడో ఉంది."

"ఎక్కడ?"

"ఒడ్డు మీద."

"ఓహో! ఎవరావిడ? అమ్మమ్మకి తెలుసా?"

"ఛీ, నోర్ముయ్! అవతల ఊరు తగలబడుతోంది. మేము తలుపులు మూసేస్తున్నాం. ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతిలో ఒక మూట పెట్టింది."

"ఏం మూట?"

"మూటే. పాత బట్టలు."

"ఆవిడ ఎక్కిందా?"

"ముసలి తండ్రి వెనకబడ్డాడు, తీసుకొస్తానని మళ్ళీ వెళ్ళింది. కాసేపు ఆగుదామని కెప్టెన్ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆగాడు. ఈలోగా ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయాయి, ఓడ ఇసకలో కూర్చుండిపోయింది."

"బాంబులు పడుతుంటేనా?"

"పడుతుంటేనే. మళ్ళీ పోటు వచ్చేదాకా కదల్లేదు. పోటు వచ్చింది. ఆవిడే రాలేదు."

"అయ్యో."

"వించి తిప్పాను. ఓడ నీళ్ళలోకి వచ్చింది గానీ లంగరు పాతుకుపోయింది, ఎంత లాగినా పైకి రాలేదు. తాడు కోసేశాం. అంతే."

"ఇందులో అజాగ్రత్త ఎక్కడుంది? ఒక్క మనిషి కోసం ఓడంతా ఆగింది! ఇది రాస్తే ఎవరూ అమ్మరు తాతయ్యా. నింద నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"లేకపోతే ఎందుకాగారని అడుగుతారు. మూట సంగతి బయటపడుతుంది. శరణార్థుల శిబిరంలో అప్పగించమంటారు."

"మూటనా? పాత బట్టల్నా?"

"కొట్టెయ్ అదంతా."

"తాతయ్యా..."

"కొట్టెయ్యమన్నానా! అది నేను చెప్పాల్సింది కాదు. వాళ్ళకి తెలీదు. తెలిసి, ఈ వయసులో నన్ను పరాయివాణ్ణి చేస్తే తట్టుకోలేను. ఓడని అమ్ముకోమను. పోనీ."

"ఎవరికి తెలీదు?"

"కొంచెం జరగవే, టీ ఒలుకుతుంది. ఇదిగో నాన్నా."

"లంగరమ్మా! ఎప్పుడొచ్చావు?"

"గాడిదల దగ్గర్నుంచీ వింటున్నా. వంటింటికీ వరండాకీ మధ్య కోటగోడ ఏమైనా ఉందా?"

"ఊరికే... ఏదో పాత సోది..."

"బళ్ళో అందరూ లంగరు, లంగరు అని ఏడిపించేవాళ్ళు. లావుగా ఉన్నానని ఆ పేరు పెట్టావనుకుని నీతో ఎన్నిసార్లు అలిగానో."

"లావని కాదే, పిచ్చిదానా. 'లంగరు పోగొట్టావు, దాని బదులు దీన్ని ఉంచుకో' అని కెప్టెన్..."

"తెలుసు. అమ్మ పోయేముందు అంతా చెప్పింది. నాకు తెలిసినట్టు నీకు తెలియనివ్వొద్దని ఒట్టు కూడా వేయించుకుంది."

"అమ్మా! ఆ మూటలో ఉన్నది నువ్వా?"

"నేనే. పాత బట్టలట! విన్నావా, మీ తాత చేసే మర్యాద?"

"అన్నీ తెలిసే... ఇన్నేళ్ళూ నన్ను నాన్నా అని పిలిచావా తల్లీ?"

"మరేమని పిలవను, వించి మనిషీ అనా? టీ తాగు, చల్లారిపోతుంది. ఏయ్ పిల్లా, నీ ఏడుపు తర్వాత. ముందు ఆ ముక్క సరిచెయ్యి. లంగరు పోలేదు, మా నాన్న ఇంటికి తెచ్చుకున్నాడని రాయి."