నార్మన్ ఉల్లికాడలు

ఇంగ్లండులోని డర్హమ్ గని కార్మికుల క్లబ్బులో ఆ రోజు, లీక్ అనే లావుపాటి ఉల్లికాడలు ఎవరివి బాగా బలిశాయో తేల్చే పోటీ. పోయినేడు మొగుణ్ణి పోగొట్టుకున్న ముసలామె, చంటిబిడ్డ తొడలంత లావున్న మూడు కాడలు తెచ్చి బల్లమీద పెట్టింది. క్లబ్బు కార్యదర్శి అడ్డొచ్చాడు.

"ఎవరివి వదినా ఇవి?"

"మీ నార్మన్‌వే."

"చచ్చిపోయినవాడికి పోటీ ఏమిటి?"

"బొగ్గుగనులు పోయాయి, ఓడలు కట్టే యార్డు పోయింది, రైలు పట్టాలు కూడా పీక్కుపోయారు. ఈ కౌంటీలో చావనిదేముంది? నువ్వొక్కడివే పెద్ద బతికున్నట్టు!"

"వేళాకోళాలొద్దు. సభ్యుడే మడిలో దిగి పెంచాలి. ఆడవాళ్లకి సభ్యత్వం లేదు."

"ముప్పయ్యేళ్లు పోటీకొచ్చాడు, ఒక్కసారీ కప్పు ముట్టుకోలేదు. ఈసారైనా గెలవనివ్వు."

"మడిలో దిగితేగా!"

"దిగాడు. ఆయన బూడిదంతా ఆ మట్టిలోనే కలిపాను. ఏడాదంతా మడి వదిలి కదల్లేదు. బతికున్నప్పుడైతే మధ్యలో బీరుకి పారిపోయేవాడు."

కార్యదర్శి టోపీ తీశాడు. చీటీ మీద నార్మన్ పేరు రాసి కాడల ముందు పెట్టాడు.

"అది సరేగానీ వదినా, పోటీ అయ్యాక అందరం వీటితోనే సూపు కాచుకుంటాంగా?"

"కాచుకోండి. ముప్పయ్యేళ్లూ ఆయన ఓడిపోయాడని నవ్వుకుంటూ తాగారు. ఈసారి ఆయన్ని నవ్వనివ్వండి."