చచ్చిన పెట్టె

ఆవిడ భర్తకు స్విచ్ ఏదైనా వేసి ఉన్నట్టు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. స్నానాల గదిలో మనిషి ఉండగానే లైటు ఆర్పేసే రకం. గేములు ఆడుకోవాలని చవకలో సామాను కొని, తొలిసారి తన చేతులతో బిగించుకున్న కంప్యూటర్ ముందు ఆవిడ కూర్చుంది. బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చెప్పానా? నాలుగు స్క్రూలు తిప్పితే ఇంజనీరు అయిపోరు."

"పొద్దున దీని లోపలి ఫ్యాన్లు తిరిగాయండీ."

"నీ తల తిరిగుంటుంది. సామాను చవక, పనితనం అంతకంటే చవక! షాపువాడు వెనక్కి తీసుకునేది ఇవాళ్టిదాకానే. విప్పి మూటగట్టు."

"ఎన్నాళ్లు ఆశపడి కొనుక్కున్నాను! ఒక్కసారి చూడనివ్వండి."

"చచ్చిన పెట్టెలో చూసేదేముంది?"

ఆవిడ పెట్టెను వెనక్కి తిప్పింది.

"ఏవండీ, కరెంటు వైరు గుచ్చే చోట ఈ బుల్లి స్విచ్ ఎవరు ఆపారు?"

"అదా... దుమ్ము దులుపుతుంటే కనిపించింది. ఊరికే కరెంటు కాలుతుందేమోనని..."

ఆవిడ స్విచ్ వేసి బటన్ నొక్కింది. ఫ్యాన్లు గిర్రుమన్నాయి, తెర వెలిగింది.

"పనితనం గురించి ఏదో అంటున్నారు?"

"తప్పు నాదేలే."

"ఫ్యాన్ల చప్పుడండీ, వినపడలేదు."

"తప్పు నాదేనే తల్లీ! నేనే ఆపాను!"