గేర్‌బాక్స్ బిగించినవాడు

సైన్యం వాళ్ళ హెలికాప్టర్ షెడ్డు. నిచ్చెన మీద మెకానిక్కు. నిచ్చెన కింద, కొత్తగా పైలట్ అయిన అతని కూతురు.

"కుదరదు నాన్నా. ఇవాళ నేను నడుపుతుంటే నువ్వు ఇందులో ఎక్కడానికి వీల్లేదు."

"రూలు నాకే చెప్తున్నారా కెప్టెన్ గారూ? సామాను బిగించినవాడు మొదటిసారి ఎగిరి చూసే పరీక్షకి లోపల కూర్చోవాల్సిందే. వాడి పనికి వాడి ప్రాణమే పూచీ."

"అందుకే ఇంకెవరిచేతైనా బిగింపించమన్నాను."

"ఇంకెవరికి చేతనవుతుందే? ఈ మోడల్ చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. కొత్త గేర్‌బాక్స్ పంపమంటే ఫోన్లోనే నవ్వుతారు. షెడ్డు వెనక పడున్న ముసలి హెలికాప్టర్ పొట్టలోంచి తీసి దీనికి పెట్టాను. రెండూ ఒకేసారి వచ్చాయి తెలుసా? ఫిరంగుల్ని దారపు ఉండల్లా మోసుకెళ్ళేవి. ఇప్పుడు అక్క ఒక్కొక్కటీ విప్పి ఇస్తుంటే, చెల్లెలు..."

"వాటి పుట్టుపూర్వోత్తరాలు తర్వాత. ఆ గేర్‌బాక్స్ మరీ పాతది కదా అని..."

"పాతదే, అయితే ఏం? నెత్తిన ముందు తిరిగే రెక్కలూ వెనక తిరిగే రెక్కలూ ఒకదానికొకటి కొట్టుకోకుండా కాసేది అదే. దాన్ని ఆషామాషీగా బిగిస్తానా? ఓహో, నా పని మీద అనుమానమా?"

"అబ్బే."

"అనుమానమే. నసుగుతున్నావు."

"అది కాదు, నీ మోకాళ్ళ నొప్పి..."

"కూర్చోడానికి మోకాళ్ళెందుకు?"

"అమ్మ ఒప్పుకోదు."

"టిఫిన్ డబ్బా కట్టిచ్చిందే మీ అమ్మ. నీక్కూడా."

"నాన్నా..."

"ఊఁ."

"అనుమానం నీ పని మీద కాదు, నా మీదే. స్కూటర్ నేర్పినప్పుడు గుర్తుందా? వెనక కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ, 'మెల్లిగా, మెల్లిగా' అని వీధి వీధంతా వినపడేలా అరిచావు. తిన్నగా పోయి గోడకి గుద్దాను."

"గోడే అడ్డం వచ్చింది."

"నవ్వకు. కింద పెద్దసారు చూస్తుంటాడు. నువ్వు వెనక ఉంటే మళ్ళీ అలాగే తడబడతాను. తడబడితే ఈ సీటు మళ్ళీ నాకివ్వరు."

"నోరెత్తను. ఒట్టు."

"నీ వల్ల కాదు."

"ఎందుకు కాదు? ఎన్ని పరీక్షలకి కూర్చోలేదు! ఏ పైలట్‌నైనా అడుగు, కిక్కురుమన్నానేమో."

"అడిగాను. రాయిలా కూర్చుంటాడు, మీ నాన్నది ఏం గుండెరా బాబూ అన్నారు."

"చూశావా మరి!"

"సరే, ఒకటి చెప్పు. పైనుంచి మన ఇల్లు ఎలా కనిపిస్తుంది?"

"ఇల్లా? ఇల్లులాగే."

"నది?"

"ఆ... ఆ రోజు మేఘాలు అడ్డం."

"చిన్నప్పుడు అడిగినా మేఘాలే. మా స్కూల్ కనిపించిందా అన్నా మేఘాలే. నడి ఎండాకాలంలో ఎక్కడి మేఘాలు నాన్నా?"

"ఆ పానా ఇలా అందుకో."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. ఇవాళొక్కరోజు ఎక్కనియ్యవే అమ్మడూ."

"ఎందుకంత పట్టు?"

"ఇన్నేళ్ళూ ఎక్కిన ప్రతిసారీ భయంతో కళ్ళు గట్టిగా మూసుకునే కూర్చున్నానే. ఇవాళ నడిపేది నువ్వు కదా, తెరుద్దామని."