వరస చివర వదిలిన ఖాళీ

కూర్చో తల్లీ, చెబుతాను. వరస తప్పితే మాత్రం నవ్వకు. ఏది ముందో ఏది వెనకో ఈమధ్య కలగాపులగమైపోతోంది. పొద్దున నువ్వు అటక మీంచి ఆ పుస్తకం దించావు చూడు, అప్పట్నుంచీ అది రాసినాయన పేరు కోసం తడుముకుంటున్నాను. కాలేజీలో అందరికీ సుద్దముక్కాయనే. కోటు జేబుల్లో చెయ్యి పెడితే సుద్దపొడే. అసలు పేరు నా చేత్తో అయిదు ప్రతుల మీద టైపు కొట్టానే, ఇప్పుడు నాలుక మీదికి రానంటోంది!

కాలేజీలో మెట్ల కింద టైపు గది నాది. పైన ఎవరు నడిచినా నా నెత్తిమీద నడిచినట్టే. ఆయన ఫిజిక్సు చెప్పేవారు. డాక్టరేటుకి రాసుకున్నదంతా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆ లెక్కల గుర్తులు టైపు మిషనులో ఎక్కడివి? ఖాళీలు వదిలి, తర్వాత పెన్నుతో నింపాలి. ఇదంతా ఏమిటండీ అన్నానో లేదో హెడ్ గుమాస్తా అందుకున్నాడు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అని. సుద్దముక్కాయన పాపం బల్ల మీదే సుద్దతో గీసి చెప్పారు. "బంతి విసిరితే ఎటు పోతుందో పాత సమీకరణం చెబుతుంది అమ్మాయ్. అణువు దగ్గర అది చాలదు. చివర ఓ చిన్న ముక్క తగిలించాలి, అదే కొత్తది. బంతి దగ్గర ఆ ముక్క ఉన్నా లేనట్టే." ఆ బల్ల నేను వారం తుడవలేదు. ఎందుకని అడక్కు.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ ముక్క. అదంతా చేత్తోనే రాయాలి. నాలుగు ప్రతుల్లో రాశాను. అయిదోదాంట్లో ఒక పేజీలో మరిచాను. ఖర్మ, అదే పరీక్ష చేసే పెద్దాయనకి వెళ్లింది! "ఏమయ్యా, కొత్తదంటూ తాతలనాటి సమీకరణం రాశావేం?" అన్నాడు నలుగురిలో. తలుపు బయట వింటున్న నాకు పైప్రాణాలు పైనే పోయాయి. లోపల ఈయన నవ్వు. "నేను మూడువందల పేజీల్లో చెప్పింది మా టైపిస్టు ఒక్క ఖాళీతో చెప్పిందండీ. ఆ ముక్క తీసేస్తే మిగిలేది పాతదే. కొత్తది పాతదాన్ని చంపలేదు, కడుపులో పెట్టుకుంది."

ఆ ప్రతి నాకే ఇచ్చేశారు, పొద్దున నువ్వు దించింది అదే. నింపబోతే, "వద్దు, ఉండనీ" అన్నారు. ఆయన పోయీ నలభై ఏళ్లు.

చూడు, ఆ పేజీ. ఖాళీ అలాగే ఉంది కదూ? అట్ట మీద పేరు... చదవకు, చదవకు! మొదటి అక్షరం ఒక్కటి చెప్పు. మిగతాది నేనే నింపుకుంటాను.