వంతెన అవతలి కాగితం

కాదు జోయత్తా, నువ్వే చెప్పు. ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో తిన్నాడు, ఈ ఊళ్ళో పడుకున్నాడు, ఈ మంచు మీద పడి పళ్ళు రాలగొట్టుకున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని "ఇంకో కాగితం తక్కువైంది" అంటారా? ఎన్నో కాగితం అది? నాకైతే లెక్క తప్పింది.

నీకు చలేస్తోందా? ఇలా గోడ పక్కకి రా. నది మీంచి వచ్చే గాలి తగలదు. ఇక్కణ్ణించి చూస్తే సరిహద్దు వంతెన దాటి వచ్చేవాళ్ళ మొహాలు కూడా కనిపిస్తాయి.

లేదు, ఇంకా రాలేదు. వస్తే నాకు కనిపించడా? నీ మేనల్లుడు ఆరడుగుల రెండంగుళాలు, జనంలో తాటిచెట్టులా ఉంటాడు. సవేలీని గుర్తుపట్టడానికి నాకు కళ్ళు కూడా అక్కర్లేదు. అడుగుల చప్పుడు చాలు.

ఒకటి చూశావా? పొద్దున్నించి గమనిస్తున్నా. అటు వెళ్ళేవాళ్ళలో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. అటునించి వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళూ, ముసలాళ్ళూను. పాతికేళ్ళ కుర్రాడు ఒక్కడు రాలేదు. మనం ఇక్కడికొస్తున్న మూడు రోజులుగా ఇదే.

ఏం లేదు. ఊరికే అన్నాను. మనసులో పెట్టుకోకు.

ఫ్లాస్కులో టీ ఉందా? నువ్వు తాగు ముందు. నాకొద్దు.

నీకు గుర్తుందా, నాకు ఆట నేర్పే అర్వో మాస్టారు వాణ్ణి మొదటిసారి తీసుకొచ్చిన రోజు? నాకప్పుడు పద్దెనిమిది. ఈ దేశంలో జోడీ స్కేటింగ్‌కి అబ్బాయి దొరకడమంటే ఎడారిలో చేప దొరకడమే కదా. ఒంటరిగా గెంతేవాళ్ళు బోలెడు. ఆడపిల్లని తలపైకెత్తి, ఒంటి చేత్తో తిప్పుతూ మంచు మీద జారమంటే మాత్రం ఎవడూ ముందుకు రాడు. నేను రెండేళ్ళు ఒక్కదాన్నే గోడ పట్టుకుని తిరిగాను. మాస్టారు వంతెన దాటి వెళ్ళి, అటువైపు ఏదో చిన్న ఊళ్ళో వీణ్ణి చూసి వచ్చారు. "వాళ్ళత్త మన నార్వా ఊళ్ళోనే ఉందిట, ఉండటానికి ఇబ్బంది లేదు" అన్నారు.

పదిహేడేళ్ళ పిల్లాడు. చేతులు మోకాళ్ళ దాకా వేళ్ళాడుతూ. నువ్వు వాడికి మీ ఆయన కోటు తొడిగి పంపించావు, భుజాల దగ్గర బిగుసుకుపోయి దొంగలా ఉన్నాడు! నవ్వు వచ్చింది నాకు. వాడు నన్ను నడుం దగ్గర పట్టుకుని ఒక్క ఊపులో పైకెత్తేసరికి నవ్వు పోయింది. కింద మంచు ఎంతో దూరంగా కనపడింది. భయం మాత్రం వెయ్యలేదు అత్తా. అంతకుముందు మా నాన్న ఎత్తుకున్నా భయమేసేది నాకు.

ఆ రోజే అనుకున్నాను. వీడితో ఒలింపిక్స్‌కి వెళ్తానని.

అప్పుడు ఎవరైనా చెప్పారా మనకి, ఎత్తడమే తేలిక, పాస్‌పోర్టు తేవడమే కష్టం అని?

ముందు వాళ్ళ దేశపు స్కేటింగ్ సంఘం ఏడాది పాటు పోటీలకి వెళ్ళనివ్వలేదు. "మా కుర్రాణ్ణి మీకు ఊరికే ఇస్తామా" అని. ఆ ఏడాదంతా రోజూ ఆరు గంటలు సాధన, ఒక్క పోటీ లేదు. సరే, అదీ అయింది. యూరప్ పోటీలకి వెళ్ళాం, ప్రపంచ పోటీలకి వెళ్ళాం. అక్కడ ఇద్దరిలో ఒకరు ఈ దేశస్థులైతే చాలు. ఒలింపిక్స్‌కి అలా కాదు, ఇద్దరికీ ఒకే జెండా ఉండాలి. వాడు కాగితాల మీద పరాయివాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఏం చెయ్యను, గాల్లో ఎవరి చేతిమీద కూర్చోను?

ఆ తర్వాత భాష పరీక్ష. అబ్బ, ఆ పరీక్ష! పద్నాలుగు విభక్తులు. రెండుసార్లు తప్పాడు. నీ వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు ఒలుస్తూ వల్లె వేసేవాడు కదూ. "దుంప, దుంపలో, దుంపలోంచి, దుంప మీద, దుంప మీంచి..." నువ్వేమో "నేను నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నాను, దుంప అంటే చాలు, కొట్టువాడు ఇస్తున్నాడు" అన్నావు. వాడు నవ్వి నవ్వి కత్తితో వేలు కోసుకున్నాడు. మూడోసారి ప్యాసయ్యాడు. ఆ రోజు నువ్వు క్యాబేజీ రొట్టెలు చేసి మాస్టారిని కూడా పిలిచావు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం.

అప్పుడు చెప్పారు. ఈ దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు, పాతది వదులుకున్నట్టు రుజువు తేవాలి. పాతది వదలాలంటే ఆ దేశానికి నువ్వు చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదని వాళ్ళు రాసివ్వాలి. వాడేమో సైన్యంలో చెయ్యలేదు. పద్దెనిమిది నిండేసరికి ఇక్కడ నన్ను మోస్తున్నాడు! ఆ రాతకోసం పుట్టిన ఊళ్ళో సైన్యం వాళ్ళ కచేరీలో మనిషి స్వయంగా కనపడాలిట. వకీలు వెళ్తే చాలదు, తల్లి వెళ్తే చాలదు.

వాడు వెళ్ళనన్నాడు.

నీకు తెలీదా ఈ మాట? నీతో చెప్పలేదా? అదీ, నువ్వు భయపడతావని చెప్పి ఉండడు.

వెళ్ళనన్నాడత్తా. సాధన అయ్యాక బెంచీ మీద కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "కెర్తూ, ఆ కచేరీ లోపలికి వెళ్ళడానికి ఒక తలుపుంది. బయటికి రావడానికి ఉందో లేదో నాకు తెలీదు." అంతే అన్నాడు.

నేనేం అన్నానో తెలుసా?

"నాకు ఇరవయ్యారు. కుడి మోకాలు రెండుసార్లు కోశారు. ఇంకో నాలుగేళ్ళు ఆగితే నన్ను పైకెత్తడానికి నువ్వుంటావేమో గానీ, కిందకి దిగడానికి నాకు కాళ్ళుండవు" అన్నాను. "పేర్లు పంపాల్సింది నెలాఖరుకి. రెండు రోజుల పని. వెళ్ళి, సంతకం పెట్టించుకుని, మీ అమ్మ చేతి సూపు తాగి వచ్చెయ్" అన్నాను. "అంత పిరికివాడివా" అని కూడా అన్నాను.

చూడకు నన్నలా. కోపంలో ఎవరైనా అంటారు.

వాడు బూట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు మామూలుగానే సాధనకి వచ్చాడు. నన్ను విసిరాడు, పట్టుకున్నాడు. నాలుగో రోజు "సరే, గురువారం వెళ్తాను" అన్నాడు. నేను వాడి మెడ పట్టుకుని ఊగాను సంతోషంతో. వాడు నవ్వాడు గానీ, ఆ నవ్వు... ఏమో. అప్పుడు నేను చూడలేదులే.

ఇదుగో, ఆ ఎర్ర టోపీ ఆవిడ జారుతోంది, పట్టుకో, పట్టుకో! హమ్మయ్య. ఏమంటోంది? లైను నాలుగు గంటలుందా అటుపక్క? అడుగు అత్తా, పొడుగాటి కుర్రాడు ఎవరైనా లైన్లో ఉన్నాడేమో అడుగు.

లేడా.

నాకు తెలుసు.

కూర్చో. ఈ మెట్టు మీద కూర్చో. కింద నా సంచి వేస్తాను, మంచు తగలదు. నీకో మాట చెప్పాలి. రెండు గంటల్నించి చెప్పాలనుకుంటున్నాను. లైను గురించీ, గాలి గురించీ మాట్లాడుతున్నాను గానీ.

బుధవారం. అంటే వాడు వెళ్ళే ముందు రోజు. వాడు మంచు మీద ఉన్నాడు, మాస్టారు వాడి చేత ఒంటరి దూకుళ్ళు చేయిస్తున్నారు. వాడి ఫోన్ నా సంచిలో మోగింది. తెలియని నంబరు. తీశాను.

మీ వదిన, సవేలీ వాళ్ళమ్మ తమారా. పక్కింటివాళ్ళ ఫోన్లోంచి చేసింది. గుసగుసగా మాట్లాడింది. "కెర్తూ, బాబుకి చెప్పమ్మా, రావద్దని చెప్పు. నిన్న ఇద్దరు మనుషులు వచ్చారు. చేతిలో వాడి పేరున్న కాగితం ఉంది. కింద వాటా వాళ్ళని కూడా అడిగి వెళ్ళారు, ఎప్పుడొస్తాడని. నేను మళ్ళీ ఫోన్ చెయ్యలేను, నా ఫోన్లోంచి అసలే చెయ్యను. నువ్వు చెప్తావు కదూ" అంది.

"చెప్తానండీ" అన్నాను.

"ఒట్టు?" అంది.

ఒట్టేశానత్తా.

వాడు మంచు దిగి వచ్చాడు. చెమటతో, మెడకి తువ్వాలు చుట్టుకుని. "ఎవరు ఫోను?" అన్నాడు. నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. "ఎవరో, నంబరు తప్పు" అన్నాను. ఆ కాల్ వచ్చినట్టు ఫోన్లో కనపడకుండా చెరిపేశాను కూడా. ఎందుకు చేశానని అడగకు. తల్లులు ఊరికే భయపడతారు, ఎవరో ఇద్దరు వస్తే ఏమవుతుంది, రెండు రోజుల పనేగా... ఇలా ఒక్క నిమిషంలో వంద సమాధానాలు చెప్పుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఇక్కడికే వచ్చి సాగనంపాను. ఈ గేటు దగ్గరే. దారిలో తినడానికి నువ్వు కట్టిచ్చిన రొట్టెల్లో ఒకటి నాకిచ్చి వెళ్ళాడు.

ఆగు. ఇంకా ఉంది. లేవకు.

ఇవాళ పొద్దున నువ్వు తలుపు కొట్టడానికి ముందే నాకు మెసేజ్ వచ్చింది. ఇంకో తెలియని నంబరు నుంచి. చదవనా? నీ కళ్ళద్దాలు లేవుగా, నేనే చదువుతాను.

"కాగితం ఇచ్చారు. మనం అడిగింది కాదు. ఎల్లుండి ఎక్కడికో తీసుకెళ్తారట, చెప్పలేదు. అత్తని చలిలో నిలబెట్టకు."

అంతే.

వాడు రాడత్తా, సైన్యంలోకి పట్టుకున్నారు. నాకు పొద్దున్నే తెలుసు. తెలిసీ నువ్వు "పద" అంటే కోటు వేసుకుని నీ వెనకాలే వచ్చాను. నిలబెట్టొద్దు అని వాడు రాసిన చోటే నిన్ను రెండు గంటలు నిలబెట్టాను. ఇంట్లో కూర్చుని నీ మొహం చూస్తూ చెప్పలేక. ఇక్కడైతే వంతెన వైపు చూస్తూ చెప్పొచ్చని.

వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది కదా? ఇంటికి వెళ్ళగానే అడిగి ఉంటుంది, "కెర్తూ చెప్పలేదట్రా?" అని. అంటే వాడికి తెలుసు. తెలిసీ ఆ మెసేజ్‌లో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నాలుగు ముక్కలు రాస్తే, నాలుగోది నీ గురించి.

కొట్టు. కొడతావనే చెయ్యి ఎత్తావనుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికా.

రాజధానికి వెళ్దాం, ఎవరినో ఒకర్ని పట్టుకుందాం అంటావా? మాస్టారు పొద్దున్నించి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఆయనకి మెసేజ్ సంగతి చెప్పాను. బుధవారం సంగతి చెప్పలేదు. అందరూ ఒకటే మాట: "అతను వాళ్ళ పౌరుడమ్మా, మేం అడిగే హక్కు లేదు." ఎనిమిదేళ్ళు మేం కోరుకున్నది ఆ ఒక్క హక్కే కదా.

నీ చెయ్యి ఎంత చల్లగా ఉంది. ఇటివ్వు.

ఇవ్వవా? సరేలే.

అయితే ఇదీ విను, ఇంకెవరి నోటో విన్నాక నన్ను ఛీ అనేకంటే ఇప్పుడే అను. మధ్యలో మన స్కేటింగ్ సంఘం వాళ్ళు నాకు కూడా ఫోన్ చేశారు, నువ్వు టీ కోసం కొట్టుకి వెళ్ళినప్పుడు. ఇంకో అబ్బాయి ఉన్నాడట. కెనడాలో పెరిగాడు, వాళ్ళ నాయనమ్మ ఇక్కడిదేనట, పుట్టినప్పుడే పాస్‌పోర్టు వచ్చిందిట. కాగితాలతో పన్లేదు. ఎత్తు సరిపోతుందో లేదో చూడ్డానికి సోమవారం తొమ్మిదింటికి రమ్మన్నారు.

ఏమన్నానని అడగవే?

వస్తానన్నాను.