జానెడు తగ్గిన గొలుసు

1949 జూన్ పదిహేనున జనగామ సర్వే కచేరిలో ఉద్యోగంలో చేరిన నాడు నర్మెట్ట వాసి శ్రీ ఓదెలు గారి చేతిలో విశ్వవిద్యాలయ పట్టా, మనసులో తండ్రి కనకయ్య గారి ప్రశ్న ఉన్నాయి. భౌతిక, గణిత శాస్త్రాలను ఉర్దూలో అభ్యసించి వచ్చిన కుమారుణ్ణి చూసి ఆ రైతు, "వకీలు సదివితే కోర్టుకు పోతరు, డాక్టరు సదివితే దవాఖానకు పోతరు. గీ లెక్కల సదువుకు ఏం నౌకరీ ఉంటది నాయినా?" అని పరేషానయ్యేవారట. "భూమి ఉన్నన్ని దినాలు కొలిచేటోడు ఉండాలె బాపూ" అన్నది కొడుకు జవాబు. ఆ ధీమాయే ముప్పై ఏళ్లకు పైగా మన శాఖకు అండగా నిలిచింది.

ఆ ధీమాకూ ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. దాచిపెడితే ఓదెలు గారే ఒప్పుకోరు! సాయుధ పోరాటం ఇంకా చల్లారని 1950లో, ఒకవైపు దళాలు, మరొకవైపు పోలీసు క్యాంపులు ఉన్న పాలకుర్తి ప్రాంతంలో, కౌలు హక్కు దక్కిన రాములమ్మ గారి రెండెకరాలకు హద్దురాళ్లు పాతే బాధ్యత వారిపై పడింది. ముందురోజు తెగిన కొలత గొలుసును ఊరి కమ్మరి, విరిగిన కడీని, అంటే లంకెను, తీసేసి అతికించి ఇచ్చాడు. ప్రతి ఉదయం గొలుసును ముప్పై మూడడుగుల ప్రమాణపు గుర్తులపై పరచి సరిచూడాలన్నది మన నియమం. పట్టభద్రులవారు మాత్రం ఆనాడు "ఒక్క కడీకి ఏమైతది?" అనుకొని నేరుగా పొలంలో దిగారు.

రాయి పడగానే రాములమ్మ గారు కొంగు బిగించారు.

"మా ఒడ్డు గక్కడుంటే మీ రాయి గిక్కడ పడ్డదేంది?"

"లెక్క తప్పదు అవ్వా."

"లెక్క తప్పకపోవచ్చు బిడ్డా, గొలుసు తప్పుతది. జర చూడు."

చూశారు. గొలుసు జానెడు పొట్టిగా ఉంది! ఇంచుమించు మూడున్నర గుంటలు ఆ తల్లి చేజారి భూస్వామి వైపు కలిసిపోతున్నాయి. భూస్వామి పురుషోత్తం గారు దగ్గరికి వచ్చి, "పడ్డ రాయి పడ్డట్టే ఉండనీయిండ్రి. పీకితే మీ కొత్త నౌకరీకే ముప్పు" అని హితవు చెప్పారు. ఓదెలు గారు గడ్డపార తెప్పించారు. "నౌకరీ పోతే నాకు ఇంకోటి దొరుకుతది. గీ మడి పోతే అవ్వకు ఇంకోటి దొరకది" అంటూ ఊరందరి ముందు రాళ్లు పెరికించి, మళ్లీ కొలిచి పాతించారు. కమ్మరి పేరెత్తకుండా, తప్పు తనదేనని పై అధికారికి స్వయంగా రాశారు. నౌకరీ నిలిచింది, మందలింపు ఉత్తరం మాత్రం వచ్చింది.

అటుపిమ్మట మహబూబాబాదులోనూ, భూపాలపల్లి అడవుల నుండి కాళేశ్వరం గోదావరి ఒడ్డు వరకూ వారు కొలవని నేల లేదు. కొత్తగా చేరిన ప్రతి పట్టభద్రునికీ మొదటిరోజు ఆ మందలింపు ఉత్తరమే చూపేవారు. ఈ చదువు ఎందుకు పనికొస్తుందని అడిగితే, "ఎండకు ఇనుము సాగుతదని భౌతికశాస్త్రం చెప్తది. ఎంత సాగిందో గణితం చెప్తది. ఎవలకు నష్టమో ఒడ్డు మీద నిలబడ్డ అవ్వ చెప్తది. ముగ్గురి మాటా ఇనాలె" అనేవారు.

ఈ 1980 మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఓదెలు గారు సతీమణి పెంటమ్మ గారితో కూడి సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని కోరుకుంటున్నాము. వారి ఆయుష్షును కొలిచే ఆ పైవానికి కూడా మా కచేరి తరఫున ఒక్కటే మనవి: స్వామీ, కొలతకు దిగేముందు గొలుసును ఒకసారి గుర్తులపై పరచి చూసుకో. జానెడు తగ్గినా మేము ఒప్పుకోము.