పైనుంచి వచ్చిన పేరు

చింతామణి నుంచి బెంగళూరు పోయే పొద్దుటి బస్సులోకి ఆమె ఎక్కడం చూసి అతను తల తిప్పుకున్నాడు. ఆమె అతని టీమ్‌లో నాలుగేళ్ళు కోడ్ రాసింది. ఉద్యోగం పోయిందని నిన్న ఆమెకు చెప్పింది మేనేజరైన అతనే.

"ఇక్కడ కూర్చోనా అన్నా?"

"కూర్చోమ్మా. ఈపొద్దు యాడికి?"

"యాడికీ లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఒక మాట అడగనా? నా పేరు ఎవురు రాసిచ్చినారు?"

"పైనుంచి వచ్చిందమ్మా. నా చేతిలో ఏముండాది? వాళ్ళు చెప్పింది మీకు చెప్పేదే నా పని."

"మేము చేసింది వాళ్ళకి చెప్పేది?"

"అదీ నేనే."

"చెప్పేటప్పుడు నా పేరు చెప్తా ఉంటిరా?"

"టీమ్ చేసిందని చెప్తా ఉంటిని."

"పైవాళ్ళు ఎవురన్నా ఎప్పుడన్నా నాతో మాట్లాడినారా?"

"లేదు."

"అయితే నేనొకదాన్ని ఉండేదే వాళ్ళకి తెలీదు కదన్నా."

తనకు సిగ్గేస్తుందేమో అనుకున్నాడు. వేయలేదు. బస్సు కుదుపుకు ఊగుతూ కూర్చున్నాడు.

"తీసేసేదానికి ఇద్దరి పేర్లు అడిగినారు," అన్నాడు చివరికి. "ఎవురిది రాసినా ఒకటే అనిపించింది. రాసేస్తిని."

"సరేలేన్నా. తెలుసుకుందామనే అడిగితిని."

"కోపం లేదా?"

"రాలేదు. వస్తాదేమో. హొసకోటె వస్తే లేపండి. సాయంత్రం దాకా ఆ బస్టాండులోనే కూర్చుంటా."

"లేపుతాలే," అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది.